బైబిలును ఎలా చదవాలి? ఒకే వచనం ముందు ఆరు పద్ధతులు

బైబిలు చదవడం మొదలుపెట్టాలనుకునే వారికి మన సంఘాల్లో సలహాలకు కొదవ లేదు. ఏడాదిలో ఆదికాండం నుంచి ప్రకటన దాకా పూర్తి చేయమంటారు ఒకరు. రోజుకు ఒక్క వచనం చాలు, దాన్నే ధ్యానించమంటారు ఇంకొకరు. అంశాన్ని పట్టుకుని వచనాలు వెతకమని, ఒకే పుస్తకాన్ని నిదానంగా చదవమని, మంచి వ్యాఖ్యానం కొనుక్కోమని మరికొందరు చెబుతారు. అన్నీ మంచి మాటలే కాబట్టి ఏది అలవాటైతే దానితోనే చాలామంది సాగిపోతారు. కానీ ఒక్కో పద్ధతి ఒక్కో పనికి పుట్టింది. తన పని కానిచోట ప్రతిదీ చేతులెత్తేస్తుంది.

నా అభిప్రాయం మొదటే చెబుతాను. ఒక్క పద్ధతినే ఎంచుకోవలసి వస్తే పుస్తక అధ్యయనాన్ని ఎంచుకోండి. అంటే ఒక పుస్తకాన్నో పత్రికనో (సంఘాలకు రాసిన లేఖనో) మొదటి మాట నుంచి చివరి మాట వరకు, ఎవరు ఎవరితో ఏ పరిస్థితిలో మాట్లాడుతున్నారో గమనిస్తూ చదవడం. మిగతా పద్ధతులు దానికి తోడుగా నిలుస్తాయి, దాని లోటును మాత్రం తీర్చలేవు. ఎందుకో తెలియాలంటే అందరికీ పరిచయమైన ఒక వచనాన్ని ప్రతి పద్ధతి ముందూ పెట్టి చూడాలి.

ఆ వచనం యిర్మీయా 29:11. "నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును" అని మొదలవుతుంది. దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావని, రాబోయే కాలంలో నిరీక్షణ ఉందని చెబుతుంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దానపు కార్డుల మీద, ఇళ్లలో గోడ క్యాలెండర్ల మీద తరచుగా కనిపించే వచనాల్లో ఇదొకటి.

రోజుకో వచనం: ధ్యాన పఠనం

ఇది చాలా పాతది. 12వ శతాబ్దంలో రెండవ గిగో అనే కార్తూసియన్ సన్యాసి దీన్ని నాలుగు మెట్లుగా రాశాడు: చదవడం, మననం చేయడం, ప్రార్థించడం, దేవుని సన్నిధిలో మౌనంగా నిలిచి ఉండడం. కతోలిక సంఘంలో ఈ క్రమం నేటికీ సజీవంగా ఉంది. ప్రొటెస్టెంటు ఇళ్లలో ఉదయపు ధ్యానం పేరుతో జరిగేది కూడా ఇంచుమించు ఇదే.

దీని బలాన్ని తక్కువ చేయకూడదు. ఆసుపత్రి వరండాలో రాత్రంతా కూర్చున్న మనిషికి వ్యాఖ్యానాలు, పటాలు అక్కరలేదు. ఒక్క వాక్యం కావాలి, దాన్ని పట్టుకుని ప్రార్థించగలగాలి. అక్కడ ఈ పద్ధతిని మించింది లేదు.

అయితే యిర్మీయా 29:11ని ఒంటరిగా ధ్యానిస్తే "మిమ్మును" అన్న మాటలో ఉన్నది నేనే అనుకుంటాను. ఉద్యోగం, వీసా, పెళ్లి, ఇల్లు, నా మనసులో ఏది ఉంటే అదే దేవుని ఉద్దేశం అయిపోతుంది. నిజానికి ఇది బబులోనుకు చెరగా, అంటే బందీలుగా, తీసుకుపోబడిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన లేఖలోని మాట. సరిగ్గా పై వచనం, 29:10, ఇది బబులోనులో 70 సంవత్సరాలు గడిచాక జరిగే సంగతి అని చెబుతోంది. ఆ లేఖ చదివినప్పుడు నలభై ఏళ్ల వయసున్న వాళ్లలో ఎవరూ తిరిగి యెరూషలేము చూసి ఉండరు. ఇంత పెద్ద విషయం ఒక్క వచనం దూరంలో ఉండి కూడా కార్డు మీదికి రాదు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకుంటే మేలు. ఇప్పుడు మనం వాడే అధ్యాయ విభజన 13వ శతాబ్దపు తొలి ఏళ్లలో స్టీఫెన్ లాంగ్టన్ చేసినదిగా చెబుతారు. కొత్త నిబంధనలో ఇప్పుడున్న వచన సంఖ్యలను 1551లో రోబేర్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు పెట్టాడు. వెతకడానికి అవి ఎంతో సౌకర్యం. కానీ పౌలు సంఖ్యలు వేసి రాయలేదు, సంఘాలు ఆ పత్రికలను వచనాలుగా విడగొట్టి వినలేదు.

ఏడాదిలో బైబిలంతా

ప్రొటెస్టెంటు బైబిలులోని 66 పుస్తకాల్లో 1,189 అధ్యాయాలు ఉన్నాయి. రోజుకు మూడు, కొన్నిరోజులు నాలుగు చదివితే ఏడాదిలో పూర్తవుతుంది. స్కాట్లండ్ కాపరి రాబర్ట్ ముర్రే మెక్‌షెయిన్ 1842లో తన సంఘం కోసం వేసిన పట్టిక ఇప్పటికీ వాడుకలో ఉంది. దాని ప్రకారం పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు పూర్తవుతాయి.

ఈ పద్ధతిలో చదివిన వారికి బైబిలు మొత్తం రూపురేఖలు తెలుస్తాయి. యిర్మీయా 28 నిన్న చదివారు కాబట్టి 29కి వచ్చేసరికి అందులో ఇద్దరు ప్రవక్తల మధ్య జరిగిన గొడవ గుర్తుంటుంది. అది పెద్ద లాభమే. నష్టం ఏమిటంటే ఆగడానికి వ్యవధి ఉండదు. పైగా పుస్తకాలు జరిగిన వరుసలో లేవు: చెర ముగిసి తిరిగి వచ్చిన కథ చెప్పే ఎజ్రా మన బైబిలులో ముందు వస్తుంది, చెరలోకి వెళ్లే రోజుల యిర్మీయా ఎంతో తర్వాత వస్తుంది. ఈ సంగతి ఎవరూ చెప్పకపోతే కొత్తగా చదివేవారు తికమకపడతారు. లేవీయకాండం దగ్గర ఆగిపోయేవారి సంగతి సరేసరి. ఒక పుస్తకాన్ని లోతుగా చదవడం నేర్చుకున్నాక ఈ పట్టిక పట్టుకుంటే మంచిది. మొట్టమొదటి ఏడాదే వద్దు.

అంశం పట్టుకుని వెతకడం

ప్రార్థన, విశ్వాసం, ధనం, స్వస్థత ఇలా ఒక అంశం తీసుకుని అన్ని పుస్తకాల నుంచి వచనాలు పోగుచేయడం ఇది. 1890లో జేమ్స్ స్ట్రాంగ్ ఇంగ్లీషు బైబిలుకు సమగ్రమైన పదసూచిక వెలువరించాక ప్రపంచమంతటా ఇది సులువైంది. ఇప్పుడు ఫోనులో ఒక మాట కొడితే చాలు, వచనాలు వరుసగా వచ్చి పడతాయి. మన ప్రసంగాల్లో, ఉపవాస కూడికల్లో ఎక్కువగా నడిచేది ఈ పద్ధతే.

ప్రమాదం కూడా ఎక్కువగా ఇక్కడే ఉంది. యోబు 8:7 తీసుకోండి: "అప్పుడు నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." కొత్త దుకాణం ప్రారంభానికి, గృహప్రవేశానికి, పుట్టినరోజుకు ఈ మాట చదవడం మనలో ఎంత మామూలో చెప్పనక్కరలేదు. ఇంతకీ ఆ మాట అన్నది ఎవరు? దేవుడు కాదు, ప్రవక్త కాదు, యోబు కూడా కాదు. యోబు ముగ్గురు స్నేహితుల్లో ఒకడు, షూహీయుడైన బిల్దదు. ఎవరితో అన్నాడు? పది మంది బిడ్డలను ఒక్కరోజే పోగొట్టుకున్న తండ్రి యోబుతో. దానికి మూడు వచనాల ముందు, 8:4లో, నీ కుమారులు పాపం చేసి ఉంటారు, అందుకు దేవుడు వారిని అప్పగించాడు అన్న అర్థం వచ్చేలా ఆ తండ్రి మొహం మీదే అన్నాడు. నువ్వు పవిత్రుడివైతే దేవుడు నిన్ను తప్పక పైకి తెస్తాడు, తేలేదంటే లోపం నీలోనే ఉంది అన్న వాదనలో భాగమే మనం ఫ్రేము కట్టించుకున్న వచనం. పుస్తకం చివర, 42:7లో, యోబు పలికినట్లు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలకలేదని దేవుడు ఆ స్నేహితుల మీద కోపగించాడు.

న్యాయంగా రెండో పక్క కూడా చెప్పాలి. యోబు చివరి స్థితి మొదటి స్థితికంటే ఆశీర్వాదకరమైందని 42:12 చెబుతోంది. స్నేహితుల మాటలన్నీ అబద్ధాలూ కావు. వాళ్లలో ఎలీఫజు అన్న ఒక మాటను (యోబు 5:13) పౌలే 1 కొరింథీయులకు 3:19లో ఉదహరించాడు. కాబట్టి వాళ్ల మాటలను కొట్టిపారేయమని కాదు. ఎవరు అన్నారు, ఎందుకు అన్నారు, ఆ పుస్తకం చివరికి దాని మీద ఏ తీర్పు ఇచ్చింది అని చూడకుండా బిల్దదు నోటి మాటను దేవుని వాగ్దానంగా ఒక కుటుంబం చేతిలో పెట్టకూడదు. వ్యాపారం దెబ్బతిన్న రోజున ఆ కుటుంబం దేవుణ్ని అయినా అనుమానిస్తుంది, తన విశ్వాసాన్ని అయినా అనుమానిస్తుంది. అందుకే ఈ విషయంలో నేను కటువుగా మాట్లాడుతున్నాను.

యేసును శోధించినప్పుడు సాతాను కూడా కీర్తన 91ని ఎత్తి చూపాడు. మత్తయి 4లో యేసు దానికి ద్వితీయోపదేశకాండంలోని మరో వాక్యంతో జవాబిచ్చాడు: దేవుణ్ని శోధింపవలదని కూడా రాసి ఉంది అని. అంశ అధ్యయనం సరిగ్గా చేస్తే అలా ఉండాలి. ఒక వచనాన్ని ఇంకొకటి సరిదిద్దాలి. మనకు నచ్చిన మాటకు మద్దతుగా పది వచనాలు పోగేయడం అధ్యయనం కాదు. సామెతలు 26:4 మూర్ఖునికి వాని మూఢత చొప్పున జవాబివ్వవద్దంటుంది, 26:5 ఇవ్వమంటుంది. ఫోనులో వెతికితే ఏదో ఒకటే చేతికి రావచ్చు. ఆ రెండింటినీ పక్కపక్కనే పెట్టిన జ్ఞాని సమయం, సందర్భం చూసుకోమంటున్నాడని పుస్తకం తెరిచి చూస్తేనే తెలుస్తుంది.

పుస్తక అధ్యయనం

మళ్లీ యిర్మీయాకు వద్దాం. ఈసారి 29:11 దగ్గర మొదలుపెట్టకుండా 27వ అధ్యాయం నుంచి చదవండి, గంటలోపు పని. చేతిలో పెన్సిలు ఉంచుకుని మూడు ప్రశ్నలు వరుసగా వేసుకోండి: ఇక్కడ ఏముంది? దాని అర్థం ఏమిటి? నేనేం చేయాలి? ఈ వరుస తప్పకూడదు. మూడో ప్రశ్న ముందుకు దూకాలని చూస్తుంది, దాన్ని ఆపాలి.

ఏముందో చూడండి. యిర్మీయా మెడ మీద కాడి పెట్టుకుని తిరుగుతున్నాడు: బబులోను రాజుకు లోబడండి, తప్పదు అన్న సందేశానికి అది గుర్తు. 28లో హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ముందూ నిలబడి, రెండేళ్లలో రాజూ ఉపకరణాలూ చెరపట్టబడినవారూ తిరిగి వస్తారని ప్రకటించాడు. యిర్మీయా మెడ మీది కాడిని తీసి విరిచేశాడు. వినడానికి ఎంత బాగుంది! యిర్మీయా కూడా "ఆమేన్" అన్నాడు, అలాగే జరిగితే ఎంత బాగుండును అన్నట్లు. కానీ అది దేవుని మాట కాదు. అయిదో నెలలో ఆ మాట చెప్పిన హనన్యా ఏడో నెలలో చనిపోయాడు.

ఆ వెంటనే వస్తుంది 29లోని లేఖ. క్రీస్తుపూర్వం 597లో యూదా రాజు యెకొన్యాతోపాటు బబులోనుకు తరలించినవారికి యెరూషలేము నుంచి రాసినది. అందులో వారు మొదట విన్న ఆజ్ఞలు ఇవి: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లలకూ పెళ్లిళ్లు చేయండి. మిమ్మల్ని చెరపట్టి తీసుకుపోయిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి. శత్రువు ఊరి కోసం! త్వరగా తిరిగి వస్తారని చెప్పే ప్రవక్తలను నమ్మవద్దు. ఆ తర్వాతే 70 ఏళ్లు, ఆ తర్వాతే మన వచనం.

ఇప్పుడు అర్థం దానంతట అదే తేలుతుంది. "సమాధానకరమైన ఉద్దేశములు" అన్నది హనన్యా చెప్పిన రెండేళ్ల శుభవార్తకు దేవుడు ఇచ్చిన జవాబు. నేను మిమ్మల్ని విడిచిపెట్టలేదు, కానీ మీరు కోరుకున్న వేగంతో, కోరుకున్న పద్ధతిలో కాదు. అదే వచనాన్ని "ఈ ఏడాదే నీ కోరిక నెరవేరుతుంది" అని పంచితే, యిర్మీయా మాటను హనన్యా గొంతుతో పలికినట్లవుతుంది.

అన్వయం అప్పుడు ఇంకా బలంగా వస్తుంది, తగ్గదు. చెర మధ్యలో కూడా దేవుడు తన ప్రజలను మరచిపోడు. నిరీక్షణ ఒక తరాన్ని దాటి పోవచ్చు. ఎదురుచూసే కాలంలో పని మానుకోకూడదు. కువైట్‌లోనో దుబాయిలోనో కష్టపడుతున్న తెలుగు విశ్వాసి స్థితి చెర కాదు, దాన్ని దీనితో సమానం చేయకూడదు. అయినా తాను ఉన్న ఊరి క్షేమం కోరి ప్రార్థించమన్న ఏడో వచనం అతనికి చాలా దగ్గరగా వస్తుంది.

ఇక్కడ లేఖనాన్ని లేఖనంతో పోల్చే సూత్రం కూడా దాని చోటు అది తీసుకుంటుంది. దానియేలు 9:2లో దానియేలు ఇదే 70 ఏళ్ల మాటను గ్రంథాల్లో చదివి గ్రహించాడు. గ్రహించి ఏం చేశాడు? గోనెపట్ట కట్టుకుని, ఉపవాసముండి, తన ప్రజల పాపాలు ఒప్పుకున్నాడు. యిర్మీయా వాగ్దానాన్ని చదివిన మొదటి పాఠకుల్లో ఒకరు దాన్ని ఎలా తీసుకున్నారో బైబిలే చూపిస్తోంది. ఎజ్రా 1:1 ఆ మాట పారసీక రాజు కోరెషు కాలంలో నెరవేరిందని చెబుతుంది.

పుస్తక అధ్యయనానికి ఉన్న లోటు ఓపిక. రెండో నెలలో విసుగు వస్తుంది. ఒక్కరే చేస్తే తమ ఊహలకే తాము దాసులయ్యే అవకాశమూ ఉంది. అందుకే నలుగురు కలిసి చేయాలి. రథంలో యెషయా చదువుకుంటున్న ఐతియోపీయుడు, ఎవరైనా త్రోవ చూపకపోతే ఎలా గ్రహించగలనని ఫిలిప్పును పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బెరయ పట్టణంవారు పౌలు చెప్పింది కూడా లేఖనాల్లో సరిచూసుకున్నారు. నేర్పేవారు కావాలి, నేర్పినదాన్ని పరీక్షించే స్వేచ్ఛా ఉండాలి. కతోలికులు 1965 నాటి వాటికన్ మహాసభ పత్రాన్ని అనుసరించి సంఘ పరంపరతో కలిపి చదువుతారు, ప్రొటెస్టెంటులు లేఖనమే లేఖనానికి తుది తీర్పరి అంటారు. సందర్భాన్ని, సాహిత్య రూపాన్ని చూడాలన్న దగ్గర ఇద్దరికీ పేచీ లేదు.

నేపథ్యం, వ్యాఖ్యానాలు

స్టడీ బైబిలు కొనాలా? కొనండి. లవొదికయ సంఘాన్ని "నులివెచ్చగా" ఉన్నావని ప్రకటన 3 ఎందుకు అందో, పక్కనే హియెరాపొలిలో వేడినీటి ఊటలు, కొలొస్సయిలో చల్లని నీళ్లు ఉండేవని తెలిస్తే కొత్త వెలుగులో కనిపిస్తుంది. వేడినీరు ఒకలా, చన్నీరు ఒకలా పనికొస్తాయి. నులివెచ్చనిది దేనికీ కాదు.

కానీ వ్యాఖ్యానాన్ని రెండో స్థానంలో ఉంచండి. వాక్యాన్ని మీరు చదివి, ప్రశ్నలు రాసుకున్నాకే దాన్ని తెరవాలి. పైగా నేపథ్యం పేరుతో చెలామణి అయ్యేదంతా చరిత్ర కాదు. ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడంకంటే ఒంటె సూది బెజ్జంలో దూరడం సులభమని యేసు అన్నాడు. దానికి వివరణగా, యెరూషలేములో సూది బెజ్జం అనే చిన్న ద్వారం ఉండేదని, ఒంటె మోకరించి, బరువు దించుకుని అందులోంచి దూరేదని ఎన్నో ప్రసంగాల్లో వింటాం. యేసు కాలంలో అలాంటి ద్వారం ఉన్నట్లు ఏ ఆధారమూ లేదు. ఆధారం వెతకకపోయినా ఆ భాగమే జవాబు చెబుతుంది: శిష్యులు విస్మయపడి, అయితే ఎవరు రక్షణ పొందగలరని అడిగితే, ఇది మనుష్యులకు అసాధ్యమని యేసు అన్నాడు. మోకరిస్తే సాధ్యమయ్యే పని అని అనలేదు.

సాదృశ్యాలు, గూఢార్థాలు

మంచి సమరయుని ఉపమానంలో దెబ్బలు తిన్నవాడు ఆదాము, సమరయుడు క్రీస్తు, సత్రం సంఘం, సత్రపువాడు పౌలు అని ప్రాచీన సంఘ బోధకుడు అగస్టీను వ్యాఖ్యానించాడు. 16వ శతాబ్దంలో ప్రొటెస్టెంటు సంస్కర్త కాల్విన్ ఈ తరహా వ్యాఖ్యానాన్ని తోసిపుచ్చాడు. నేను కాల్విన్ పక్షమే. ఆ ఉపమానం "నా పొరుగువాడెవడు" అన్న ప్రశ్నకు జవాబు, దాని ముగింపు "నీవును వెళ్లి ఆలాగు చేయుము". సత్రపువాడు పౌలైతే మనం చేయవలసింది ఏమీ మిగలదు. పస్కా గొర్రెపిల్ల, అరణ్యంలో ఎత్తిన సర్పం వంటివాటిని క్రీస్తుకు ఛాయలుగా కొత్త నిబంధనే చూపింది. అక్కడ నిశ్చింతగా వెళ్లండి. మన ఊహ మాత్రమే చూపిన చోట వెనక్కి తగ్గండి.

మీకు ఏది?

కొత్తగా నమ్మినవారూ, ఆసక్తితో చదివే ఇతర మతస్థులూ మార్కు సువార్తను పుస్తకంగా చదవాలి, 16 అధ్యాయాలే. సండే స్కూలు బోధకులకు, గృహకూడిక నడిపేవారికి పుస్తక అధ్యయనం తప్పనిసరి, స్టడీ బైబిలు తోడుగా. ప్రసంగీకులు అంశం మీద మాట్లాడవలసి వస్తే చెప్పబోయే ప్రతి వచనం ఉన్న అధ్యాయం మొత్తం చదవాలి. అంత సమయం లేకపోతే వచనాల సంఖ్య తగ్గించుకోవాలి. దుఃఖంలో ఉన్నవారు కీర్తనలతో ధ్యాన పఠనం చేసుకోవచ్చు, కానీ కీర్తనను సగంలో ఆపవద్దు. బైబిలు ముందే బాగా తెలిసినవారికి ఏడాది పట్టిక మేలు.

అనువాదం గురించి ఒక్క మాట. సంఘంలో వినేది, పిల్లలు కంఠస్థం చేసేది పాత అనువాదం కాబట్టి దాన్ని వదలనక్కరలేదు. పౌలు పొడవాటి వాక్యాల దగ్గర ఊపిరి ఆడకపోతే సులభ భాషలో ఉన్న అనువాదాన్ని పక్కన పెట్టుకోండి. కతోలికుల పవిత్ర గ్రంథంలో 73 పుస్తకాలు ఉంటాయని తెలిసి ఉంటే కలిసి చదివేటప్పుడు గందరగోళం ఉండదు.

గుంపుగా మొదలుపెడితే ఫిలిప్పీయులకు రాసిన పత్రిక తీసుకోండి. నాలుగు అధ్యాయాలే, మొదటి వారం ఒకరు బయటికి పూర్తిగా చదవాలి, మిగతావారు కేవలం వినాలి, ఎవరూ వ్యాఖ్యానించకూడదు. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి, దానికి ముందే ఆకలిని, లేమిని ఓర్చుకోవడం నేర్చుకున్నానని పౌలు చెప్పడం అందరికీ వినిపించి ఉంటుంది. తర్వాత యోనా, ఆ తర్వాత మార్కు. ప్రకటన గ్రంథంతో మొదలుపెడదామని గుంపులో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. నిర్గమకాండం, యెహెజ్కేలు, దానియేలు, జెకర్యా చదివేదాకా ఆగమని చెప్పండి, ఆ గ్రంథంలోని దర్శనాలు ఎక్కువగా వాటి భాషలోనే మాట్లాడతాయి.